కొత్త టీచరమ్మ పక్కన, చాప మీద

కిందటి జూన్‌లో మా సెక్టారులో ముగ్గురు కొత్త అంగన్‌వాడీ టీచర్లు చేరారు. మూడూ పల్నాడు పల్లెలే, ముగ్గురూ ఆయా ఊళ్ల కోడళ్లే. పదో తరగతి పాసై, పెళ్లయి, అదే గ్రామంలో కాపురం ఉంటున్న స్త్రీయే ఈ ఉద్యోగానికి అర్హురాలు కాబట్టి మాకు వచ్చే కొత్త టీచరు దాదాపు ఎప్పుడూ ఆ ఊరి కోడలే అవుతుంది. ఈ సంగతి ఆమె మొదటి ఏడాదిని ఎన్ని విధాల ప్రభావితం చేస్తుందో నేను చదివిన శిక్షణ పుస్తకాలేవీ చెప్పలేదు. సూపర్‌వైజరుగా నా పరిధిలో 24 కేంద్రాలున్నాయి. అంతకు ముందు పదకొండేళ్లు నేనే ఒక కేంద్రంలో టీచరుగా పనిచేశాను. కొత్తవారికి అండగా నిలబడటమనే పనిని ఎలా నేర్చుకున్నానో, అందులో ఎక్కడెక్కడ తప్పటడుగులు వేశానో ఈ ముగ్గురితో గడిపిన ఏడాది ఇంకా మనసులో పచ్చిగా ఉండగానే రాసిపెట్టుకోవాలనిపించింది.

నా మొదటి ఏడాది సంగతి ముందు చెప్పాలి. చేరిన మూడో నెలలో అప్పటి మా సూపర్‌వైజరు గారు బస్సు దిగి కేంద్రానికి వస్తున్నారని కిటికీలోంచి చూసి, పాట మధ్యలో ఆపేసి, పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి చేతులు కట్టుకోమన్నాను. ఆవిడ ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, నలభై నిమిషాల పాటు రిజిస్టర్లు ఒక్కొక్కటిగా తిరగేశారు. అంతసేపూ ఇరవై మంది పసివాళ్లు నోటిమీద వేలుతో అలాగే కూర్చున్నారు. వెళ్లేటప్పుడు విజిటర్స్ పుస్తకంలో మూడు వాక్యాలు రాశారు. హాజరు తక్కువ. రిజిస్టర్లు వెంటనే పూర్తి చేయవలెను. పిల్లలు మంచి క్రమశిక్షణతో ఉన్నారు. ఆ ఏడాది మొత్తానికి నాకు దక్కిన ఒకే ఒక్క మెప్పు, నేను చేసిన అన్ని పనుల్లోకీ చెడ్డ పనికి దక్కింది. ఆ తరువాత చాలాకాలం కేంద్రానికి ఎవరు వచ్చినా పిల్లల చేత చేతులు కట్టించాను.

ఆవిడను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో మొదలైంది. నాటి నుంచి నేటి వరకు ఒక్క మనిషి నెత్తినే ఆరు సేవలు ఉన్నాయి: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, పోషణ ఆరోగ్య విద్య, వీటితోపాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. మొదటి అయిదింటికీ ఏదో ఒక అంకె ఉంటుంది. ఎన్ని గుడ్లు పంచారు, ఎందరికి టీకాలు వేయించారు, ఎవరి బరువు ఎంత అన్నది రిజిస్టరులో కనబడుతుంది, ఇప్పుడైతే మేం ఫోనులో వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో కనబడుతుంది. నాలుగేళ్ల పిల్ల నిన్నటి కంటే ఇవాళ ఒక మాట ఎక్కువ మాట్లాడిందన్నది ఎక్కడా కనబడదు. పూట తీరిక కూడా లేకుండా వచ్చే పర్యవేక్షకురాలి చూపు సహజంగానే లెక్కకు అందే వాటి మీదికి పోతుంది, ఆ చూపు ఎటు పోతే కొత్త టీచరు శ్రద్ధ కూడా అటే పోతుంది.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లిలియన్ కాట్జ్ అనే విద్యావేత్త 1972లోనే పసిపిల్లల టీచర్ల ఎదుగుదలను నాలుగు దశలుగా వివరించారని చాలా ఏళ్ల తరువాత ఒక శిక్షణలో విన్నాను. అందులో మొదటి దశను మన మాటల్లో చెప్పాలంటే నెగ్గుకురావడం. ఈ రోజు గడుస్తుందా, ఈ వారం గడుస్తుందా అన్నదే ఆ దశలో టీచరు ముందున్న ప్రశ్న. అప్పుడు సాయం పని జరిగే చోటికే నడిచి రావాలని, ఒక్కొక్క పిల్లవాడి గురించి నిలకడగా ఆలోచించే తీరిక రెండో దశలో గానీ రాదని ఆవిడ చెప్పారట. అది విన్నప్పుడు నాకు నేను చేతులు కట్టించిన ఇరవై మంది పిల్లలు గుర్తొచ్చారు. 2023 మేలో మొదలైన పోషణ్ భీ పఢాయీ భీ (పోషణతోపాటు చదువూ) కార్యక్రమం కింద ఇప్పుడు టీచర్లకు మూడు రోజుల శిక్షణ ఇస్తున్నారు, అది మంచి శిక్షణే. అయితే నాలుగో రోజు ఉదయం తొమ్మిదింటికి కేంద్రం తాళం తీసేటప్పుడు ఆమె పక్కన ఎవరున్నారన్నది వేరే విషయం.

అందుకని కొత్త టీచరు కేంద్రానికి వెళ్లిన రోజున మధ్యాహ్న భోజనం అయ్యేవరకు ఏ రిజిస్టరూ తెరవకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. తొమ్మిదికి ముందే వెళతాను, చెప్పులు విప్పి పిల్లల చాప మీదే కూర్చుంటాను. కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఆ ముగ్గురిలో ఒకామె పనిచేసే చెరువుకట్ట కేంద్రంలో అలా కూర్చున్న మొదటి ఉదయం మూడేళ్లు నిండీ నిండని ఒక పిల్లవాడు గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాడు. వాళ్లమ్మ వాడు చూడకుండా తలుపు వెనక నక్కి ఉంది, ఆమె చీర కొంగు అంచు మాత్రం తలుపు కింది నుంచి కనబడుతోంది. వాడికి ఆ అంచు కనబడుతున్నంతసేపూ ఏడుపు ఆగదు. టీచరు వాణ్ణి ఎత్తుకుని అటూ ఇటూ తిప్పుతూ, బొమ్మలు చూపుతూ, మధ్యమధ్యలో నావైపు చూస్తూ చెమటలు కక్కుతోంది. ఆ చూపులో ఉన్నది నాకు తెలుసు. పిల్లవాడు ఏడవటం తన చేతగానితనమని ఆమె అనుకుంటోంది, నేనూ అలాగే అనుకుంటున్నానని భయపడుతోంది. పదకొండు రోజులుగా ఇదే తంతు అని తరువాత చెప్పింది, రోజులు లెక్కపెట్టుకుంటోందన్నమాట.

పిల్లలు భోజనం చేసి పడుకున్నాక ఆమెకు రెండే విషయాలు చెప్పాను. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 2024లో వచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళిక 48 వారాలది. అందులో మొదటి నెలంతా పిల్లలు ఇంటి నుంచి కేంద్రానికి అలవాటు పడటానికే కేటాయించారు. అంటే ఆ పిల్లవాడు ఏడుస్తాడని ఢిల్లీలో రాసినవాళ్లకు కూడా ముందే తెలుసన్నాను, ఆమె నవ్వింది. రెండోది తల్లి విషయం: దాక్కోవద్దనీ, లోపలికి వచ్చి పది నిమిషాలు చాప మీద కూర్చుని, పిల్లవాడికి చెప్పి, వాడు ఏడ్చినా సరే వాడు చూస్తుండగానే వెళ్లమనీ టీచరు చేత తల్లికి చెప్పించాను. ఎందుకంటే చెప్పకుండా మాయమైన అమ్మ ఏ క్షణంలోనైనా మళ్లీ మాయమవుతుందని ఆ పసివాడు రోజంతా గుమ్మానికి కాపలా కాస్తాడు. ఏడుపు తగ్గడానికి మరో వారం పట్టింది. ఆ వారం ఆమె రోజులు లెక్కపెట్టలేదని నా నమ్మకం.

ఇది చదివి నేను అన్నీ సరిగ్గా చేస్తానని ఎవరైనా అనుకుంటే, బొడ్రాయి కేంద్రంలో సెప్టెంబరు నెలలో జరిగింది కూడా చెప్పాలి. అక్కడి టీచరు బొమ్మల కార్డులతో కథ చెబుతోంది. కార్డును గుండెకు ఆనించి పట్టుకోవడం వల్ల బొమ్మ వెనక వరుస పిల్లలకు కనబడటం లేదు. గొంతు కూడా పీలగా ఉంది. ఒకరి తరువాత ఒకరు లేచి కిటికీ దగ్గరికీ, నీళ్ల బిందె దగ్గరికీ పోతున్నారు. నేను ఓర్చుకోలేక లేచి వెళ్లి కార్డులు అందుకుని, కాకికో గొంతు, నక్కకో గొంతు పెట్టి కథంతా చెప్పాను. పిల్లలు బెల్లం చుట్టూ చీమల్లా మూగారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇద్దరు తల్లుల్లో ఒకామె, "అట్టా చెప్పాలమ్మా, మేడమ్‌ని చూసి నేర్చుకో" అంది. ఆ అమ్మాయి తలవంచుకుని కార్డులు సర్దుకుంది. నెల తరువాత వెళ్లేసరికి కథ చెప్పడమే మానేసి, సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టి పిల్లలకు చూపిస్తోంది.

నా పది నిమిషాల గొప్ప కోసం నేను ఆమె దగ్గర ఏం లాక్కున్నానో అప్పుడు అర్థమైంది. ఊరి కోడలిగా ఆమెకు ఆ గుమ్మం దగ్గర ఉన్న పరువు అసలే అంతంతమాత్రం. దాన్ని కూడా నేను పిల్లల ముందు, తల్లుల ముందు పల్చన చేశాను. ఇప్పుడు ఏ కొత్త టీచరు చేతిలోని కథనూ మధ్యలో అందుకోను. పిల్లల మధ్య గోడకు ఆనుకుని కూర్చుంటాను, నాకు బొమ్మ కనబడకపోతే పిల్లల్లాగే మెడ సాచుతాను. మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు, "ఆ ఎర్రగౌను పిల్ల సరిగ్గా ఎప్పుడు లేచిపోయిందంటావు?" అని అడుగుతాను. కాస్త ఆలోచించి, "బొమ్మ కనబడలేదేమో మేడమ్" అని ఆమే అంటుంది. ఆ మాట నా నోట వస్తే అది తప్పు పట్టడమయ్యేది. ఆ తరువాత కావాలంటే నేను పిల్లనవుతాను, ఆమె నాకొక్కదానికే కథ చెబుతుంది. బొడ్రాయి టీచరు నవంబరులో మళ్లీ కార్డులు పట్టుకుంది కానీ, నేనున్నంతసేపూ గొంతు పూర్తిగా విప్పలేదు.

ఇక కేంద్రంలో టీచరుకు సాయంగా వంట, శుభ్రం చూసే ఆయమ్మల సంగతి. రామాలయం వెనకున్న కేంద్రంలో ఆయమ్మ పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది, పైగా కొత్త టీచరుకు వరసకు చిన్నత్త. టీచరుకు గౌరవవేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కాగితం మీద ఎవరు ఎవరికి పని చెప్పాలో స్పష్టమే, కానీ పాతికేళ్ల కోడలు యాభై దాటిన చిన్నత్తను పట్టుకుని గిన్నెలు తోమమని ఎలా చెబుతుంది? చెప్పలేక ఆ అమ్మాయి తొమ్మిది నుంచి పదిన్నర దాకా తనే ఊడ్చి, నీళ్లు పట్టి, పొయ్యి వెలిగించేది. పిల్లలు ఆయమ్మ చుట్టూ ఉండేవారు. ఆటపాటలు ఎందుకు జరగడం లేదని మూడు నెలలు రిపోర్టులు చూసినా నాకు తెలియలేదు, ఒక్క పూట కూర్చుంటే తెలిసింది.

ఇద్దరినీ కూర్చోబెట్టి ముందు ఆయమ్మనే అడిగాను. ఏ పిల్ల గుడ్డులో పచ్చసొన తినదు, ఎవరికి నిద్రలో పక్క తడుస్తుంది, ఎవరి తండ్రి తాగి వస్తే పిల్లను పంపకూడదు అన్నవన్నీ కోడలికి చెప్పమన్నాను. అరగంట ఆపకుండా చెప్పింది. ఆ అరగంటలో ఆమె ముఖం మారిపోయింది. తరువాత రోజువారీ పనుల పట్టిక ఇద్దరి చేతా చెప్పించి, పెద్ద అక్షరాలతో రాయించి వంటగది గోడకు అంటించాం. ఇప్పుడు పొద్దున పదింటికి పని చెప్పేది కోడలు కాదు, గోడ. ఆయమ్మకు చదవడం రాదు, అయినా ఆ కాగితం మీద ఏముందో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

అదే కేంద్రంలో పలకల గొడవ కూడా వచ్చింది, ఇది రాని కేంద్రం మా సెక్టారులో ఒక్కటీ లేదు. ఊళ్లో కాన్వెంటు వ్యాను తిరుగుతుంది. టై కట్టుకున్న పక్కింటి ఎల్‌కేజీ పిల్ల పుస్తకం నిండా రాసుకొస్తుంటే, మా పిల్లవాడు మాత్రం రోజూ ఆడుకుని, తిని, పడుకుని వస్తున్నాడని తల్లులు టీచరును నిలదీస్తారు. కొత్త టీచరుకు ఈ మాటకు జవాబు తెలియదు, తెలిసినా అత్తల వయసువాళ్లకు ఎదురు చెప్పలేదు, కాబట్టి భయపడి పలకలు బయటికి తీస్తుంది. మూడున్నరేళ్ల పిల్లవాడు 'అ' దిద్దుతున్నప్పుడు దగ్గరగా చూశాను: బలపాన్ని పిడికిలితో పట్టుకుని నొక్కినంతసేపూ వేళ్ల కొసలు తెల్లబడ్డాయి, నాలుక బయటికి వచ్చింది, మూడోసారికి పలక పక్కకు తోశాడు. మణికట్టు, వేళ్లు ఇంకా బలపడని వయసది. బంకమట్టి పిసకడం, గరిటెతో నీళ్లు పోయడం, పూసలు గుచ్చడం ఆ చేతికి అప్పుడు కావలసిన పని.

ఇవన్నీ తల్లులకు నేను చెప్పగలను. కానీ నేను వెళ్లిపోయాక మళ్లీ నిలదీసేది టీచరునే కాబట్టి ఆమే చెప్పాలి. తల్లుల సమావేశంలో ఏం చెప్పాలో రెండుసార్లు నాతో చెప్పుకుని చూసింది. సమావేశం రోజున ఒక పళ్లెంలో చింతగింజలు, కందులు, పెసలు కలిపి పోసి, నాలుగేళ్ల పిల్ల చేత మూడు కుప్పలు పెట్టించింది. వెనక నుంచి ఎవరో "ఇది ఆటే గదమ్మా" అన్నారు. ఆమె ఒక్క క్షణం తడబడింది. తరువాత గోడమీది అక్షరాల పటం దగ్గరికి వెళ్లి 'ప' మీద ఒక వేలు, 'వ' మీద ఒక వేలు పెట్టింది. "ఈ రెంటికీ తేడా ఏంటో చెప్పండి పిన్నీ. తలకట్టు అతుక్కుంటే ఒకటి, విడిగా ఉంటే ఇంకొకటి. గింజల్లో తేడా కనిపెట్టే కన్ను లేకపోతే ఇందులో తేడా ఎట్టా కనబడుద్ది?" అంది. ఆ ఉదాహరణ నేను చెప్పింది కాదు, అంతకు ముందు నాకు తట్టింది కూడా కాదు. అయినా జనవరిలో ఇద్దరు తల్లులు పిల్లలను కాన్వెంటులో చేర్చేశారు. అన్నీ మాటలతో కుదరవు.

బరువుల విషయంలో చిక్కు ఇంకోలా ఉంటుంది, అక్కడ చేయి పట్టి చూపించాల్సిందే. దూలానికి వేలాడదీసే మిషనులో ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడకుండా తూస్తే నెలలో పిల్ల 700 గ్రాములు తగ్గినట్టు నమోదవుతుంది. టీచరు హడలిపోతుంది, తల్లి ఏడుస్తుంది, పై నుంచి ఫోను వస్తుంది. ఇలాంటివి అడిగి తెలుసుకోమని వదిలేయకుండా మొదటి రెండు నెలలూ బరువుల రోజున నేను పక్కనే ఉంటాను.

అయితే నేను ఎంత చాప మీద కూర్చున్నా నివేదిక రాసేది నేనే. ఆ సంగతి ఆమె మరిచిపోదు, మరిచిపోవాలని నేను కోరడమూ అన్యాయమే. రాత్రి ఎనిమిదింటికి ట్రాకర్‌లో హాజరు ఎక్కకపోతే నాకు ఫోను చేయదు. అందుకే ప్రతి కొత్త టీచరుకూ నడక దూరంలో ఉన్న ఒక పాత టీచరును జతచేస్తాను, మా పై అధికారి సీడీపీఓ (ప్రాజెక్టు అధికారి) గారి అనుమతితో రెండు మూడు పూటలు ఆ కేంద్రంలోనే గడపనిస్తాను. చెరువుకట్ట టీచరు అలా వెళ్లివచ్చాక ఏం చూశావని అడిగితే పాఠాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏడుస్తూ వచ్చిన పిల్ల చేతికి ఆ అక్క మాట్లాడకుండా తువ్వాలు ఇచ్చిందట. చేతులు కడుక్కున్న వాళ్లందరికీ తువ్వాలు అందించే పని ఆ పిల్లది. నలుగురికి ఇచ్చేసరికి ఏడుపు మరిచిపోయిందని, ఆ అక్క అసలు గొంతే పెంచదని, పిల్లలు దూరంగా ఉంటే తనే లేచి దగ్గరికి వెళుతుందని చెప్పింది. ఇవి ఏ మాడ్యూల్‌లో రాయగలం? పాత టీచర్లకు ఈ పనికి పైసా అదనంగా రాదు. సెక్టారు సమావేశంలో వాళ్లకు పది నిమిషాలు మాట్లాడే అవకాశం తప్ప నేను ఇవ్వగలిగింది లేదు, అది నాకు ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది. అదే సమావేశంలో ఒక కొత్త టీచరును మరొక కొత్త టీచరుతో పోల్చి పొగడటం మాత్రం పూర్తిగా మానేశాను, ఎందుకంటే పొగడ్త ఒకరికి దక్కితే మిగతా ఇద్దరూ ఆ నెలంతా నాకు కనబడకుండా తప్పించుకు తిరిగేవారు.

బొడ్రాయి టీచరు ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చింది. ఇంట్లో అత్తగారికి పక్షవాతం వచ్చిందని కారణం రాసింది, అది నిజమే. నేను ఇంటికి వెళ్లి కూర్చున్నప్పుడు టీ ఇచ్చి, "నాకు పిల్లలంటే ఇష్టమే మేడమ్, ఎవరైనా చూస్తుంటే చేతులు ఆడవు" అంది. ఆ మాటకు నేను చెప్పగలిగిన జవాబు ఏదీ లేకపోయింది. టీ తాగి వచ్చేశాను.

జనవరి నుంచి మార్చి వరకు మా ప్రాంతంలో మిరప కోతలు. తల్లులు తెల్లవారకముందే ఆటోలెక్కి పొలాలకు పోతారు, చంటిపిల్లలతోపాటు మూడేళ్ల వాళ్లను కూడా గట్టు మీద కూర్చోబెట్టుకుంటారు, కేంద్రంలో హాజరు సగానికి పడిపోతుంది. కొత్త టీచరు దీన్ని కూడా తన తప్పే అనుకుంటుంది. అప్పుడు ఆమెకు అంగన్‌వాడీ అనే మాట కథ చెబుతాను. మహారాష్ట్రలోని బోర్డీలో 1945 ప్రాంతంలో తారాబాయి మోడక్, పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకుపోయారు. అంగన్ అంటే ఆ వాకిలే. కిందటి ఫిబ్రవరిలో చెరువుకట్ట టీచరు, నేను సాయంత్రం అయిదు తరువాత నాలుగు ఇళ్ల వాకిళ్లకు వెళ్లాం. ఆరబోసిన మిరపకాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముతూనే పిల్లలతో చెమ్మచెక్క ఆడాం. కోతల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఒక తల్లి, రేపటి నుంచి పెద్దమ్మాయితో పంపిస్తానని తనంతట తానే అంది. మరుసటి వారం నేను రాకపోయినా టీచరు ఒక్కతే ఆ వాకిళ్లకు వెళ్లిందని ఊళ్లో వాళ్లు చెప్పారు.

ఏప్రిల్‌లో మళ్లీ చెరువుకట్టకు వెళ్లాను. జూన్‌లో గుమ్మం పట్టుకుని ఏడ్చిన పిల్లవాడు నన్ను చూసి చెయ్యి ఊపి తన పనిలో పడిపోయాడు. ఎప్పటిలాగే గోడ పక్కన నా చోటుకు పోబోతుంటే టీచరు చేతిలోని పాత స్టీలు గిన్నెలు కింద పెట్టకుండానే, "మేడమ్, ఇయ్యాల ఆ మూల కూర్చోకండి, అక్కడ నీళ్లాట పెట్టాను, చీర తడుస్తుంది" అంది. నేను ఇటు పక్కకు జరిగి కూర్చున్నాను.